రేకుల కింద మామ

మా ఊరు డ్యాం నీళ్లలో మునిగిన ఏడు మమ్మల్ని ఆత్మకూరు దారిలో, చెట్టూ చేమా లేని గుట్ట పక్కన లారీల్లోంచి దించారు. అక్కడ రెండు వరుసల రేకుల షెడ్లున్నాయి. గోడలూ రేకులే, కప్పూ రేకులే. కిటికీ లేదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, పెళ్లయి ఏడాది.

"తాత్కాలికమేనమ్మా, మూడు నెలలు ఓర్చుకోండి" అన్నాడు ఆఫీసరు. ఆ మూడు నెలలు నాలుగేళ్లయ్యాయి. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

చలికాలంలో ఒకరోజు ఆయనే పొద్దున్నే వచ్చి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "బాగానే ఉన్నాయి కదా!" అని కాగితం మీద రాసుకుపోయాడు.

ఎండలు ముదిరాయి. మా మామ మోకాళ్లు పట్టేసి నడవలేడు. షెడ్డు నీడ ఎటు జరిగితే అటు ఆయన మంచాన్ని నేనూ అత్తా జరిపేవాళ్లం. నడిమధ్యాహ్నం ఆ నీడ కూడా ఉండేది కాదు. అప్పుడు లోపలికి మోసుకుపోయి, గోనెసంచులు తడిపి కప్పు మీద పరిచేవాళ్లం. బోరింగు దగ్గరికి పోయి ఇంకో బిందె తెచ్చేలోపు అవి పెళపెళా ఎండిపోయేవి.

ఒక మధ్యాహ్నం నేను పట్టిన మజ్జిగ మామ మింగలేదు. పెదాల పక్కనుంచి కారిపోయింది. సాయంత్రానికి పోయాడు. వయసు మీద పడి పోయాడని కాగితాల్లో రాశారట.

కర్మంతరాలయిన నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం జీపులో ఆ ఆఫీసరే వచ్చాడు. వసతులన్నీ బాగున్నాయని మా చేత వేలిముద్రలు వేయించుకోవాలట. పరాయి మగాడి ముందు ఎన్నడూ నోరెత్తని మా అత్త ముందుకొచ్చింది.

"ఎండలో ఎందుకు సారూ, లోపలికి రా. మా ఇంట్లో కూసోని రాసుకో."

ఆఫీసరు లోపలికొచ్చి మా మామ మంచం మీద కూర్చున్నాడు. ఆడవాళ్లమంతా గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాం. పది నిమిషాలకే చొక్కా వీపుకు అతుక్కుంది. చెమట బొట్లు కాగితం మీద పడి సిరా అలుక్కుపోయింది.

"తప్పుకోండమ్మా, ఊపిరాడటం లేదు" అన్నాడు.

"అదే రాయి సారూ" అంది అత్త. "ఊపిరాడలేదని రాయి. దాని కింద ఏలిముద్ర ఎయ్యమను, ఏస్తా."

ఆయన అత్త ముఖంలోకి చూశాడు. కొత్త కాగితం తీసి రాశాడు. చదువుకున్న నేను అక్షరం అక్షరం చూసి చెప్పాకే అత్త బొటనవేలు ఆనించింది. అప్పుడే మేం దారి వదిలాం.

వారానికి బండ్ల మీద తాటాకులొచ్చాయి. రేకుల మీద మందంగా కప్పుకున్నాం. వేడి కొంచెం తగ్గింది. పక్క షెడ్ల వాళ్లు మా అత్తను మెచ్చుకున్నారు. ఆమె ఆకులు కట్టే పనిలోనే ఉంది. నాకు మాత్రం ఆ బండ్లను తగలబెట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ తాటాకులు ఏ దేశం నుంచో రాలేదు, చుట్టుపక్కల తోపుల్లోంచే వచ్చాయి. ఆ పెద్దమనిషి నెల ముందు ఒక్క మధ్యాహ్నం వచ్చి ఆ షెడ్డులో పది నిమిషాలు కూర్చుని ఉంటే, మామ బతికేవాడు.

ఇళ్ల స్థలాలు ఇంకో మూడు వేసవులు గడిచాక ఇచ్చారు.