చరణంలో వెనకబడిన దెబ్బ

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర నేను డీటీపీ సెంటర్ నడిపేదాన్ని. చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతున్న రోజులు. వెంచర్ల కరపత్రాలు, పెళ్లి కార్డులు నా దగ్గరే తయారయ్యేవి. ఆదివారాలు మా ఊరి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేదాన్ని. వెంచర్ ప్రారంభానికి కూడా పాటల ప్రోగ్రాం పెట్టించే కాలం కాబట్టి మాకు తీరిక ఉండేది కాదు.

ఆర్కెస్ట్రా నడిపే అన్న ఆ ఏడాది సిటీ నుంచి ఒక పాత సీక్వెన్సర్ తెచ్చాడు. ఏ దెబ్బ ఎప్పుడు పడాలో, ఏ స్వరం ఎప్పుడు మోగాలో ముందే ఎక్కించి పెడితే, కేబుల్ గుండా కీబోర్డుకు చెప్పి దానంతటదే వాయింపజేసే పెట్టె అది. డ్రమ్స్, వయొలిన్ల గుంపు అన్నీ అందులోంచే. మనుషుల్లో మిగిలింది నేను, ఇద్దరు గాయకులు, ఢోలక్ వాయించే కాక.

కాకకు యాభై దాటాయి. వారమంతా మన్నెగూడలో కొత్త ఇళ్లకు ప్లాస్టరింగ్ చేసేవాడు. సిమెంటుకు పగిలిన వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని రిహార్సల్‌కు వచ్చేవాడు. పెట్టె వచ్చిన రెండో ఆదివారమే ఆయన పాట మధ్యలో చెయ్యి ఆపేశాడు.

"గా పెట్టె కుంటుతున్నది," అన్నాడు.

"మిషిన్ ఎట్ల కుంటుతది కాకా? నీ చెయ్యే ఉరుకుతున్నది," అన్నాడు అన్న.

"పల్లవిల మంచిగనే ఉన్నది. చరణంల వయొలిన్లు రాంగనే డ్రమ్ము ఎనకకు పడుతున్నది. జర చెవి పెట్టి ఇను."

అన్న నా వైపు చూశాడు. నాకు తేడా ఏమీ వినిపించలేదు. "మిషిన్ తప్పు పోదు కాకా," అన్నాను. కంప్యూటర్ తెలిసినదాన్నని అక్కడ నా మాటకు విలువ. కాక ఢోలక్‌ను సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత రెండు ప్రోగ్రాములకు రాలేదు.

రెండోది మహేశ్వరంలో. చరణం ఎత్తుకునే చోట మా గాయని తడబడింది. దిగి వచ్చాక, "ఏమో అక్కా, దెబ్బ ఏడ పడుతున్నదో సమజ్ కాలే," అంది. కాక చెప్పిందీ ఆ చోటే.

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు కూర్చున్నాను. సీక్వెన్సర్ తనకు తానుగా కొట్టే టిక్ టిక్‌ను కంప్యూటర్‌లో ఒక గీతగా, దాని మాట విని కీబోర్డు మోగించే డ్రమ్మును దాని కింద ఇంకో గీతగా రికార్డు చేశాను. దెబ్బ పడ్డ ప్రతిచోటా గీత ముల్లులా లేస్తుంది. పై ముల్లుకూ కింది ముల్లుకూ మధ్య దూరం కొలవడమే పని. సగంలో కరెంటు పోతే మళ్లీ మొదలుపెట్టాను.

పల్లవిలో ఆ దూరం దాదాపు ఒకటే. చరణంలో పెరిగింది. పెరగడమే కాదు, దెబ్బదెబ్బకూ మారింది.

కారణం వెతికితే దొరికింది. సీక్వెన్సర్ నుంచి కీబోర్డుకు ఒకటే తీగ, అందులో స్వరాలు ఒకదాని వెనక ఒకటి వెళ్లాలి. అన్న డ్రమ్స్‌ను ఆఖరి వరసలో ఎక్కించాడు. వయొలిన్లన్నీ గుంపుగా పోయేదాకా డ్రమ్ము వాకిట్లో నిలబడాల్సిందే. దాన్ని మొదటి వరసకు మార్చి మళ్లీ కొలిచాను. చరణంలోనూ దూరం నిలకడగా వచ్చింది.

మన్నెగూడ వెళ్లేసరికి కాక పరంజా మీద ఉన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం కాకా. కంప్యూటర్ల గీతలు తీసి కొలిచిన."

"చెవితోని ఇని చెప్తే నమ్మలే. గీతలు చూసి నమ్మినవ్."

"తప్పయింది."

తాపీతో గోడను కాసేపు మెత్తగా రుద్దాడు. "ఎంత ఎనకకు పడ్డది?"

"సెకనును వెయ్యి ముక్కలు చేస్తే, ఇరవై ముక్కలు."

"గంతేనా! నాకైతే బారెడు దూరం అనిపించింది," అని నవ్వాడు.

ఆ ఆదివారం తనే సెంటర్‌కు వచ్చాడు. "నా చెయ్యి గూడ కొలువు బిడ్డా," అన్నాడు. మైకు పెట్టి, అదే పాటకు ఆయన దెబ్బలను టిక్ టిక్‌తో పోల్చి కొలిచాను. పల్లవిలో దెబ్బలు కాస్త ముందూ వెనకా. చరణంలో మాత్రం అన్నీ ముందుకే. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను.

"అన్న అన్నది గూడ అబద్ధం కాదు కాకా. చరణంల ఉరుకుతున్నవ్."

ఆయన తెర వంక చూశాడు. "అవ్. ఆడ పాట లేస్తది. చెయ్యి ఆగది."

"ఆపుతవా?"

"ఎందుకు ఆపుత?"

మహేశ్వరంలో పెట్టె వెనక్కి లాగుతుంటే, ముందుకు లాగే ఆయన చెయ్యి పక్కన లేకనే గాయని తడబడిందని అప్పుడు అర్థమైంది.

తర్వాతి ప్రోగ్రాం నాదర్‌గుల్‌లో. చరణం వచ్చినప్పుడు ఆ పిల్ల కాక చేతి వైపే చూస్తూ ఎత్తుకుంది, తడబడలేదు. నేను కొలిచిన సంగతి విన్నా అన్న క్షమాపణ ఏమీ చెప్పలేదు. భోజనాల దగ్గర మాత్రం, వడ్డించేవాళ్లను ఆపి, కాక ప్లేటులో బగారన్నం తనే వేశాడు.