సూపులో కిటికీలు

ఇంట్లో ఆమెను అందరూ భూతద్దం అనేవారు. ఏ వస్తువు చేతికిచ్చినా కంటికి ఆనించుకుని చూడందే కింద పెట్టదని బావ పెట్టిన పేరది. కళ్లజోళ్ల దుకాణంలో ఫ్రేములకు సరిపడేలా అద్దాలు అరగదీయడం ఆమె ఉద్యోగం. సెలవు దొరికితే పాత కెమెరా మెడలో వేసుకుని గోడల వెంట తిరుగుతూ ఈగలనూ చీమలనూ ఫొటోలు తీసేది.

"మనుషులెవరూ దొరకలేదటే నీకు?" అని అక్క విసుక్కునేది.

దుకాణం గోడకు ఆమె తీసిన ఈగ కన్ను ఫొటో వేలాడేది. ఓ రెస్టారెంటు యజమాని అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి, కొత్త జోడు పెట్టుకోగానే మొదట చూసింది దాన్నే.

"ఇది తీసిందెవరు?"

"నేనేనండీ."

"ఈగనే ఇంత బాగా తీశావంటే, మా వంటలు ఇంకెంత బాగా తీస్తావో! బోర్డు మీదకి ఫొటోలు కావాలమ్మా. ఊరికే వద్దులే, డబ్బులిస్తాను."

ఫొటోకు డబ్బులిస్తామన్నవాళ్లు అంతవరకు ఒక్కరూ లేరు. సంగతి విని బావ పడీపడీ నవ్వాడు. "ఈగల్ని తోలుకునే చోటికి నిన్ను పిలిచాడా మహానుభావుడు!"

ఆదివారం పొద్దున, రెస్టారెంటు ఇంకా తెరవకముందే ఆమె వెళ్లింది. వంటమాస్టరు కిటికీ పక్క బల్ల మీద సూపు గిన్నె ఠపీమని పెట్టి, "తొందరగా కానీయమ్మా, చల్లారిపోతుంది" అన్నాడు.

ఆమె వంగి చూసింది. సూపు మీద నూనె చుక్కలు తేలుతున్నాయి. ఒక్కో చుక్కలో ఒక్కో బుల్లి కిటికీ, ఊచలతో సహా. మెల్లగా ఊదితే రెండు చుక్కలు కలిసి ఒకటయ్యాయి. రెండు కిటికీలూ ఒకటే అయ్యాయి! ఫొటో తీసింది. మళ్లీ ఊదింది. మళ్లీ తీసింది. ఆ తర్వాత వేయించిన చేప వచ్చింది.

"దీని తోలు ఇలా ముడతలు పడిందేమండీ?"

"వేగింది గనక" అన్నాడు వంటమాస్టరు ముక్తసరిగా.

యజమాని వచ్చి కెమెరా తెరలోకి చూశాడు. "ఇదేంటమ్మా, చందమామా?"

"సూపండీ."

"ఇది?"

"చేప తోలు."

ఆయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఇది చూస్తే ఎవరికైనా ఆకలేస్తుందా? గిన్నె ఏదీ? పళ్లెం ఏదీ?"

ఆమె ముఖం పాలిపోయింది. ఒక్క గిన్నె కూడా పూర్తిగా తీయలేదు. "ఇంకోసారి వడ్డిస్తే తీస్తానండీ" అంది.

వంటమాస్టరుకు ఒళ్లు మండింది. అంతగా మునిగిపోయి ఏం తీసిందో చూద్దామని కెమెరా లాక్కున్నాడు. తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఇది నా సూపేనా?"

"మీదేనండీ."

"ఇన్నేళ్లనుంచి కాస్తున్నా, ఇందులో కిటికీలున్నాయని నాకే తెలీదు." కెమెరా తిరిగిచ్చి పొయ్యి వెలిగించాడు. "రామ్మా, ఆ ముడతల సంగతేంటో చూద్దాం. నిజం చెప్పాలంటే అదీ నాకు తెలీదు."

ఇద్దరూ పెనం మీదకి వంగారు. చేప అంచులు పైకి లేచాయి.

"మంట తగ్గించండి, తగ్గించండి! లోపలి కండకన్నా తోలే ముందు ముడుచుకుంటోంది, చూశారా?"

"అవును సుమా!" అంటూ అతడు గరిటెతో తోలు నొక్కి వదిలాడు. మళ్లీ ముడుచుకుంది.

"తలుపులు తీసే వేళయింది. మీరిద్దరూ చేపతో కబుర్లాడుకుంటున్నారా?" అని యజమాని కేకేశాడు.

ఈసారి ఆమె బారెడు దూరంలో నిలబడి, గిన్నెలూ పళ్లేలూ పూర్తిగా కనిపించేలా తీసింది. అవే బోర్డెక్కాయి. యజమాని డబ్బుల కవరు చేతిలో పెట్టి, బాగానే ఉన్నాయన్నాడు. నూనె చుక్కల ఫొటో మాత్రం వంటమాస్టరు అడిగి తీసుకున్నాడు.

కొన్నాళ్లకు ఓ బేకరీ నుంచి పిలుపొచ్చింది. ఎంత తీసుకుంటావని వాళ్లు అడిగేలోపే ఆమె అడిగేసింది: "రొట్టె పొంగేటప్పుడు నన్ను ఓవెన్ దగ్గర నిలబడనిస్తారా?"