ఏకాదశి నాడు పెట్టని అన్నం

మా ఆయన నరసింహంగారికి దయ్యాలంటే భయం. జమ్మలమడుగులో పౌరోహిత్యం చేసేవారు. చావు జరిగిన ఇళ్లకు మొదట పిలుపు ఆయనకే వచ్చేది. అయినా భయం పోలేదు. పోయిన కార్తీకంలో ఆయనే పోయారు. ఇప్పుడు ఈ మాట రాస్తే ఆయనకు చిన్నతనమేమీ కాదనుకుంటాను.

చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు మూసేయాలి. ధనిష్ఠ అయితే ఆరు నెలలు. వాకిలికి తుమ్మకంప అడ్డం పెట్టి ఇంటివాళ్లు వేరేచోటికి పోతారు. గడువు తీరాక ముందు ఆవు, దాని వెనక పురోహితుడు లోపలికి వెళ్లాలి. ఇంటివాళ్లు ఆ తర్వాతే. పెన్న వైపు పాత వీధుల్లో ఎప్పుడు చూసినా అలా కంపలు పెట్టిన మిద్దెలు రెండో మూడో ఉండేవి. దయ్యాల కొంపలని జనం చుట్టుదారిన పోయేవారు. వాటిలో మొదటి అడుగు పెట్టడం మా ఆయన పని. ముందురోజు రాత్రి ఆయనకు నిద్ర ఉండేది కాదు. ఆవు తోక గట్టిగా పట్టుకుని లోపలికి పోయేవారు. గబ్బిలం కదిలినా మంత్రం తప్పేవారు.

"మీకంటే ఆ ఆవు నయం" అనేదాన్ని.

"ఆవుకు కథలు తెలియవు కదా అనసూయా" అనేవారు.

ఫ్యాక్షన్ ముదిరిన రోజులవి. పంచాయతీ ఎన్నికలు అయిన వారానికి మా పక్కింటి రామసుబ్బయ్యను ఏటిదారిలో నరికారు. ఇంటికి మోసుకొచ్చాక తెల్లవారుజామున ప్రాణం పోయింది. నరికింది ఎదుటి పార్టీ ఓబులేసు, అతని మనుషులు. ఊరందరికీ తెలుసు కానీ, కళ్లారా చూసింది రామసుబ్బయ్య బావమరిది చిన్నసుబ్బయ్య ఒక్కడే. కోర్టు వాయిదాకు నెలన్నర ఉంది. అంతవరకు అతను బతికి ఉండాలి. బస్టాండులోనూ ఏటి వంతెన మీదా అప్పుడే ఓబులేసు మనుషులు కాపలా కూర్చున్నారు.

శవం లేవకముందే రామసుబ్బయ్య భార్య సంజీవమ్మ పెరటి దారిన నా దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అమ్మా, ధనిష్ఠ అని సామితో సెప్పించు. కంప పెడితే ఇంట్లోకి ఎవుడూ రాడు. మా తమ్ముడు లోపలుంటాడు."

"ఈ రోజు హస్త కదా సంజీవమ్మా."

"నీకు తెలుసు, సామికి తెలుసు. కొడవలి పట్టుకునేటోనికి పంచాంగం తెలుసునా?"

మా ఆయన ఎన్నడూ నక్షత్రం మార్చి చెప్పినవారు కాదు. నేనే పోరు పెట్టాను. చివరికి అందరి ముందూ నేల చూస్తూ "ధనిష్ఠ. ఆరు నెలలు" అన్నారు. ఆ రెండు మాటలకే నుదుటి మీద చెమట పట్టింది. కర్మలు మా చావిట్లో జరిపించి, సంజీవమ్మ తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టి పుట్టిల్లు పెండ్లిమర్రికి పోయింది.

లోపలున్న మనిషికి తిండి ఎలా? పోయినవాడి పేరున రోజూ సాయంత్రం పెరటిగోడ మీద ఆకులో అన్నం పెట్టాలని మా ఆయన ఊళ్లో చెప్పారు. నేను పెట్టేదాన్ని. చీకటి పడ్డాక గోడ అవతల నుంచి ఒక చెయ్యి వచ్చి తీసుకునేది. పొద్దున ఖాళీ ఆకు గోడ మీదే ఉండేది. చచ్చినవాడు వచ్చి తింటున్నాడని నాలుగో రోజుకు వీధంతా గుప్పుమంది. సాయంత్రమైతే పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకునేవారు.

పాలు పోసే మహబూబ్‌బీ మాత్రం నవ్వేది. "నీ చేతి పప్పు అంత బాగుంటాదా అమ్మా? సచ్చినోడు గూడా ఆకు నాకుతాండాడు."

మా ఆయన నవ్వలేదు. "బతికున్నవాడికి చచ్చినవాడి కూడు పెడుతున్నాం అనసూయా. వాడికేమైనా అయితే మనం పెట్టిన పిండమే అవుతుంది." ఆ ఆకును ఆయన ఒక్కరోజు కూడా ముట్టుకోలేదు.

రెండు వారాలు గడిచాయి. ఏకాదశి వచ్చింది. మాకు ఉపవాసం, పొయ్యి వెలిగించం. పగలంతా పురాణం చదువుకుని, రాత్రి నీళ్లు తాగి పడుకున్నాను. గోడ అవతల ఒక మనిషికి ఆకలి వేస్తుందన్న సంగతి నాకు తోచనే లేదు. ఇంట్లో వంట లేదు కాబట్టి ఆకు పెట్టలేదు, అంతే.

ద్వాదశి పొద్దున్నే వండి, దేవుడికి చూపించి, ఇద్దరం భోజనానికి కూర్చున్నాం. తలెత్తితే పక్కమిద్దె కప్పు మీది గవాక్షిలోంచి సన్నగా పొగ లేస్తోంది. ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

చెయ్యి కడుక్కునే లోపే ఓబులేసు నలుగురితో మా అరుగెక్కాడు. తువ్వాళ్లలో చుట్టిన కొడవళ్లు.

"సామీ, దయ్యాలు గూడా పొయ్యి ముట్టిస్తాయా?"

"ఏమో అప్పా."

"తాళంచెవి ఇయ్యి. మేం పోయి సూస్తాం."

వెనక ఒకడు గొణిగాడు. "వద్దన్నా. నచ్చత్రం అంటుకుంటాది. ఇంట్లో పసిబిడ్డ ఉండాది నాకు."

ఓబులేసు మా ఆయన వైపు తిరిగాడు. "అయితే సామే పోనీ. ఆయన పనే గదా అది. సామీ, లోపల మనిసి ఉంటే ఉండాడని సెప్పు, లేకుంటే లేదని సెప్పు. నువ్వు అబద్ధం ఆడవని ఊరందరికీ ఎరుకే."

"ఆవు కావాలి" అన్నారు మా ఆయన. 

"ఆవును యాడ తెచ్చేది ఇప్పుడు? నా తువ్వాల పట్టుకో, వాకిలి దాకా తోలుకపోతా."

వాళ్లు నవ్వారు. మా ఆయన కంప పక్కకు లాగి, తాళం తీసి, ఒక్కరే లోపలికి వెళ్లారు. నేను అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాను.

లోపల జరిగింది తర్వాత చెప్పారు. గవాక్షి వెలుగు తప్ప అంతా చీకటి. పొయ్యి మీద సగం కెలికిన జొన్నసంగటి. మనిషి లేడు. మూలన నేలలో తవ్విన ధాన్యం పాతర మీద బండ కొంచెం పక్కకు జరిగి ఉంది. చూస్తుండగానే నేల కింద నుంచి దగ్గు వినిపించింది, గుడ్డ కుక్కుకుని దగ్గినట్టు. ఆయన వంగి బండను సరిగా మూద్దామనుకున్నారు. మూస్తే లోపల గాలి ఆడదు. మూయకపోతే దగ్గు బయటికి వస్తుంది. చేతులు ఆడక అలాగే నిలబడిపోయారు.

ఆయన బయటికి వచ్చేసరికి పంచె మోకాళ్ల దాకా తడిసి ఉంది. పెదవులు కదులుతున్నాయి కానీ మాట రావడం లేదు. ఓబులేసు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం కనపడింది సామీ?"

ఆయన చెయ్యి ఎత్తబోయి దించేశారు. మెట్టు మీద కూలబడి, తిన్న నాలుగు ముద్దలూ కక్కుకున్నారు.

"నేను సెప్పలా అన్నా" అన్నాడు పసిబిడ్డ తండ్రి.

తలుపు దగ్గరికి లాగి కంప మళ్లీ అడ్డం పెట్టింది ఓబులేసే. రెండు చేతులతో, ముళ్లు గుచ్చుకుంటున్నా ఆగకుండా.

వాయిదా నాడు పోలీసు జీపు వచ్చి చిన్నసుబ్బయ్యను తీసుకుపోయింది. అతను కోర్టులో చెప్పాల్సింది చెప్పాడు. ఓబులేసుకు, మరొకడికి శిక్ష పడింది. ఆరు నెలలకు ఇల్లు తెరిచారు. ఆ రోజు కూడా మా ఆయన ఆవు తోక వదల్లేదు. వీధిలో ఆయనకు తడిపంచె సామి అని పేరు నిలిచిపోయింది. ఎవరన్నా ఆ పేరుతో పిలిస్తే తల వంచుకుని పోయేవారు.

చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "లోపలున్నది చిన్నసుబ్బయ్యేనని తెలుసు కదా, ఎందుకంత భయపడ్డారు?"

"దయ్యానికి కాదు అనసూయా. బయటికి పోతే వాళ్లు అడుగుతారు. నాకు అబద్ధం రాదు, ధనిష్ఠ అనడానికే చెమట పట్టింది. వాడు అక్కడ ఉన్నాడని చెప్పేస్తానేమోనని భయం వేసింది. చెయ్యి కూడా లేచింది, నువ్వు చూశావు."

ఆ ద్వాదశి తర్వాత ఏ ఏకాదశికీ మా పొయ్యి చల్లగా లేదు. మేం తినకపోయినా గుప్పెడు బియ్యం వండి ఆకులో గోడ మీద పెడతాను. ఆయన పోయాక కూడా మానలేదు. ఆయన భయం ఇప్పుడు నాకు వచ్చింది, పొద్దున పెరటి తలుపు నేను తీయను. మహబూబ్‌బీ కూతురు పాలు పోసి, ఆ ఆకు తీసి పారేసి పోతుంది. అందులో అన్నం ఉందో లేదో నేను అడగను.