కల్లంల పుట్టిన ఆకలి

నా బిడ్డకు నాలుగేండ్లు. నేను అన్నం గిన్నె తీసిన్నంటే చాలు, మంచం కిందికి దూరేది. నిజామాబాదుల మా కిరాయి ఇల్లు రెండో అంతస్తుల ఉంటది. ఫోన్ల బొమ్మలు వెట్టి, నోట్లె ముద్ద కుక్కి, మింగిందా లేదా అని బుగ్గ నొక్కి సూసేదాన్ని. ఒక్కో పూటకు గంట పట్టేది. ఎదురింటామె కనవడ్డప్పుడల్లా పిల్ల గింత బక్కగున్నదేందని అడిగేది. బిడ్డకు తిండి వెట్ట చాతకానిదాన్ని అన్నట్టే వినవడేది నాకు. మనసు చివుక్కుమనేది.

తినవెట్టుడుతోని అయిపోయిందా? ఉరికితే తిన్నదంత అరిగిపోతదని నా భయం. అందుకే తిన్నంక సోఫాల కూసోవెట్టి, దిగితే కాళ్లు ఇరగ్గొడ్తనని బెదిరిచ్చేదాన్ని. మా ఆయన పార్కుకు తోల్కపోతనంటే ఒంటికాలి మీద లేచేదాన్ని.

మొన్న వానకాలం పంట కోతలప్పుడు జక్రాన్‌పల్లి దిక్కున్న మా తల్లిగారింటికి పోయినం. కల్లంల వడ్లు ఆరవోసిండ్రు. అడుగునున్న వడ్లకు గూడ ఎండ తాకాలంటే, వాటిల్ల కాళ్లీడ్సుకుంట నడిచి సాళ్లు తీయాలె. నన్ను గన్న అవ్వకు మోకాళ్ల నొప్పులు. నా బిడ్డను పిలిచి ఆ పని దానికి అప్పజెప్పింది. దురద వెడ్తది, పొద్దుగాల తాగిన పాలు గూడ అరిగిపోతయి అని నేను మొత్తుకున్న. అవ్వ నా దిక్కు సూడనే లే. మా బాపు వడ్ల సంచులు జోకే కాంటా మీద పిల్లను నిలవెట్టి, వడ్లకు చెప్పినట్టే దీనికి తేమ ఎక్కువున్నది, ఇంకో రెండు రోజులు ఆరాలె అని నవ్విండు. నాకు మాత్రం నవ్వు రాలే.

పిల్ల ఆ కొస నుంచి ఈ కొస దాక నడిచింది. కాసేపటికి నడుసుడు పోయి ఉరుకుడైంది. సాలు వంకరవోతే మల్ల మొదటికెళ్లి తీసింది. మొఖమంత చెమట, దుమ్ము. నడిపొద్దుకు నేను ఎప్పటిలెక్కనే పప్పన్నం కలిపి, చంకల ఫోను వెట్టుకొని కల్లంలకు పోయిన. అది నాకు ఎదురొచ్చి కొంగు గుంజింది.

"అమ్మా, ఆకలైతుంది."

ఆడ్నే నిలవడ్డ. మాటలు వచ్చినప్పటి సంది ఆ మాట దాని నోట్లకెళ్లి నేనెన్నడు ఇనలే. ఎట్ల ఇంట? ఆకలయ్యేదాక నేనెప్పుడు ఆగిన? సంబురమైంది, సిగ్గు గూడ అయింది.

చేతులు కడిగి గిన్నె దానికే ఇచ్చిన. కింద మీద పోసుకుంట అంతా తిన్నది. ఇంకింత అడిగి మరీ వెట్టించుకున్నది. మూతి తుడుసుకొని మల్ల వడ్లల్లకు ఉరికింది. తిన్నంక కూసోవే అనే మాట నా నోటి దాక వచ్చింది. మింగిన. చెప్పులు ఇడిసి, దాని ఎన్కాల నేను గూడ వడ్లల్లకు దిగిన.