మా నాయన ఏనుగు అలిగిన జాతర

నాకొక జబ్బు ఉండాది. నేను రాసే ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వర్షన్ వచ్చిందంటే ఆ పొద్దే ఎక్కించుకోవాల. కొందరు కొత్త సినిమా మొదటి ఆట చూడకపోతే అన్నం తినరు చూడండి, ఆ బాపతు. ఏమి మారింది, ఏది తీసేసినారు, ఏ కంప్యూటరు మీద ఎక్కుతాది, దేని మీద ఎక్కదు అని వాళ్ళు రాసిపెట్టే చాంతాడంత పత్రాన్ని టిఫిన్ తింటా చదువుతా. తిరుపతిలో నేను పనిచేసే ఆఫీసులో దీనికి నన్ను ఎగతాళి చేస్తారు. చేసుకోనీలే. వాళ్ళంతా ఎప్పటిదో పాత వర్షన్ పట్టుకోని వేలాడతా ఉండారు, నన్ను అనేదానికి నోరెట్లొస్తాదో.

మా నాయనది చిత్తూరులో సీరియల్ లైట్ల పని. జాతరలకు, పెండ్లిండ్లకు పందిలి ముందర బల్బులతో బొమ్మలు నిలబెడతారు గదా, అది. ఆయనకాడుండే బొమ్మలన్నిట్లో ఆయన ప్రాణం ఒక ఏనుగు. రెండంతస్తుల మిద్దెంత ఎత్తు. ప్లైవుడ్ కోసి, బొక్కలు పెట్టి, బల్బు బల్బూ తన చేత్తో బిగించినాడు. ఏనుగు తల వంచుతాది, తొండంతో మాల ఎత్తుతాది, ఎదురుగా కూర్చున్న బల్బుల గంగమ్మ మెడలో వేస్తాది, దండం పెడతాది. ముందు దీన్ని ఆడించేదానికి ఒక చెక్క డ్రమ్ము ఉండేది. దాని మీద రాగి రేకులు కొట్టి మోటారుతో తిప్పితే బల్బులు వరసగా వెలిగేవి. నేను కాలేజీలో చేరినాక ఆ డ్రమ్ము పీకేసి, ఒక ప్రోగ్రాము రాసి, నాయన అంగట్లో ఉండే పాత కంప్యూటరుకు ఏనుగును తగిలించినా. మూత ఊడిపోయి, ఫ్యాను రొద పెడతా ఉన్నా, ఆ కంప్యూటరు ఒక్క జాతరకూ మొరాయించలేదు.

పలమనేరు పక్కన ఒక ఊర్లో గంగమ్మ జాతరకు ప్రతి ఏడూ మా ఏనుగే. ఈ తూరి ఆ ఊరి పెద్దాయన అంగడికి వచ్చి, కాఫీ తాగి, మెల్లంగా చెప్పినాడు.

"ఏమీ అనుకోవద్దప్పా. మా కుర్రోళ్ళు గుడియాత్తం నుంచి పెద్ద ఎల్ఈడీ స్క్రీను తెప్పిద్దామంటా ఉండారు. నేనే ఆపినా. ఈ తూరి నీ ఏనుగు ఆడనీ. జనం మెచ్చినారా, సరే. లేదంటే వచ్చే జాతరకు స్క్రీనే."

నాయన ఆ పొద్దు సగం అన్నంలోనే చెయ్యి కడుక్కున్నాడు. ఆ ఊరు వదిలేస్తే తక్కిన ఊర్లూ స్క్రీనే అంటాయి. ఏనుగు ఇంక గోడౌన్లో ఎలుకల పాలు. అది ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

అందుకే నేను నడుం కట్టినా. సరిగ్గా అప్పుడే కొత్త వర్షన్ వచ్చింది. ముందు దానికంటే వేగంగా నడుస్తాదని రాసినారు. ఇంకేం, ఏనుగు తొండం నున్నగా కదలతాది, జనం స్క్రీను మాటే మర్చిపోతారు అనుకున్నా. తీరా ఎక్కించబోతే, ఆ పాత కంప్యూటరు మీద ఇది ఎక్కదంట! అంత పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఇంక సెలవని ఆ పత్రంలోనే రాసుండాది. నాకు ఒళ్ళు మండింది. పాతదయితే మాత్రం, అది మనిషి కాదా? సరే, మనిషి కాదనుకోండి. అయినా మండింది. వర్షన్‌ను వదులుకునే రకం కాదు నేను, కంప్యూటరునే అటక ఎక్కించినా. అగ్గిపెట్టె కంటే రవ్వంత పెద్ద బోర్డు ఒకటి తెచ్చినా. దాని ఆపరేటింగ్ సిస్టమ్ వేరే. కొత్త వర్షన్ దాని మీద కిమ్మనకుండా ఎక్కింది.

నాయన దాన్ని అరచేతిలో పెట్టుకోని అటూ ఇటూ తిప్పినాడు.

"అంత ఏనుగును ఇది మోస్తాదా పాపా?"

"మోస్తాది నాయనా."

"ఒకతూరి నిలబెట్టి ఆడించి సూద్దామా?"

"నా ల్యాప్‌టాప్‌లో చూసేసినా. ఆడ ఆడిందంటే ఈడా ఆడతాది. దీనికొక బల్బు తగిలించినా, వెలిగింది. ఇంకేం కావాల?"

నాయన పోయి, ఏనుగు చెవికాడ ఒక బల్బు మార్చి, గుడ్డతో తుడిచినాడు.

ఆ పక్క ఊర్ల సంగతి ఒకటి చెప్పాల. అడవిలోంచి ఏనుగులు దిగి అరటి తోటలు, వరి మళ్ళు తొక్కేసే పక్క అది. ఏనుగంటే వాళ్ళకు ఎంత భక్తో అంత కడుపుమంట. చేలో ఏనుగు కనబడితే ఊరు ఊరంతా డబ్బాలు కొట్టి, కేకలేసి, టపాకాయలు కాల్చి తరమతారు.

జాతర పొద్దు, చీకటి పడతానే స్విచ్ వేసినా. ఏనుగు వెలిగింది. తొండం ఎత్తి అమ్మ మెడలో మాలేసింది. జనం "ఓ" అని అరిచినారు. నాకు ఛాతీ ఉప్పొంగింది. ఆ మరుక్షణం ఏనుగు ఆ మాలను పెరికేసింది.

పెరికి, గాల్లో ఊపింది. దండం పెట్టింది. మళ్ళా మాలేసింది. మళ్ళా పెరికింది. తల వంచి, ఏదో తప్పు చేసినట్టు కొంచేపు నేల చూసి, అంతలోనే ఇంకోతూరి పెరికింది. సామీ!

ముందు వరసలో ఒక ముసలామె లేచింది.

"ఓర్నీ బండ పడ! అమ్మోరి మాల ఎత్తుకపోతా ఉండాదే!"

అని చేతిలోని గరిటెతో పళ్ళెం మీద దబదబా కొట్టింది. అంతే. వాళ్ళకు అలవాటైన పని గదా. ఒకరు నూనె డబ్బా, ఒకరు బిందె, "హోయ్ హోయ్" అని కేకలు. ఒకాయన టపాకాయల సరమే అంటించేసినాడు. ప్లైవుడ్ ఏనుగును తరమతా ఉండారు! ఊరి పెద్దాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకోని మా నాయన పక్కే చూస్తా ఉండాడు. అయిపోయింది, మా ఏనుగు పని అయిపోయింది అనుకున్నా.

మా నాయన పుట్టి బుద్ధెరిగి మైకులో "హలో, హలో, మైక్ టెస్టింగ్" తప్ప వేరే మాట పలికిన మనిషి కాదు. బొమ్మ వెనకాల చీకట్లో నిలబడేదే ఆయన పని. అట్లాంటి మనిషి గబగబా పోయి మైకు అందుకున్నాడు.

"అప్పా... అమ్మా... కొట్టొద్దండి. అది అలిగి ఉండాది."

డబ్బాల మోత కొంచెం తగ్గింది.

"అడివిలో నీళ్ళు లేవు. కుంటలన్నీ ఎండిపొయ్యె. అది అమ్మకాడికి వచ్చి, మాలేసి, వాన ఇమ్మని అడిగింది. అమ్మ పలకలే. అందుకే మాల పెరుక్కునింది. మనసొప్పక మళ్ళా ఏస్తా ఉండాది. కోపమొచ్చి మళ్ళా పెరకతా ఉండాది. మనిండ్లల్లో పిల్లోళ్ళు సెయ్యరా?"

"పాపం, దాని బాధ దానిది!" అనింది ఒకామె. ముసలామె గరిటె దించింది.

నాయన నా పక్కకు తిరిగి, ఎంతసేపు అన్నట్టు కనుబొమ్మలెత్తినాడు.

అప్పుడు కదిలింది నా బుర్ర. ఏనుగు భంగిమ ఒక్కోటీ ఒక్కో ఫైలు. నా ప్రోగ్రాము "ఫైళ్ళు ఇయ్యి" అంటాది, ఇచ్చినవి ఇచ్చినట్టు వెలిగిస్తాది. పాత కంప్యూటరూ నా ల్యాప్‌టాపూ ఒక జాతి. అడక్కుండానే పేర్ల వరసన ఇచ్చేవి, దర్శనం క్యూలో పంపినట్టు. ఈ బోర్డు వేరే జాతి. ఏది ముందు చేతికొస్తే అది తోసేసింది, పల్లెవెలుగు బస్సెక్కే జనం మాదిరి. మాల వేసే భంగిమ అయినాక ఎత్తే భంగిమ వస్తే, చూసేవాళ్ళకు పెరికినట్టే గదా. వరసగా ఇమ్మని అడిగుంటే ఇచ్చుండును. నేను అడగనే లేదు. అడగాలని వాళ్ళు యాడో రాసే ఉంటారు, నేనే ఇడ్లీ ధ్యాసలో ఉంటి.

ఒక్క మాట చేరిస్తే చాలు. ల్యాప్‌టాప్‌ను బోర్డుకు తగిలించి, అది యాడ చేర్చాల్నో వెతికి కొట్టినా. అంతవరకూ నాయన కథ సాగదీస్తానే ఉండాడు. ఏనుగు పెండ్లాం ఇంట్లో "వాన లేకుండా గడప తొక్కబాక" అనిందంట. ఏనుగు మామ వచ్చి పంచాయితీ పెట్టినాడంట. మామకు కాఫీ కూడా పెట్టలేదంట. జనం పడీ పడీ నవ్వతా ఉండారు. ఈయన మా నాయనేనా అని నాకే అనుమానం వచ్చింది.

నేను బొటనవేలు పైకెత్తి చూపించినా. నాయన గొంతు సవరించుకున్నాడు.

"సరేలే, కన్నతల్లి గదా, అమ్మ మాత్రం ఎంతసేపని సూస్తాది? వాన పంపిస్తానని మాటిచ్చేసింది."

ఏనుగు బుద్ధిగా తల వంచింది. మాల ఎత్తింది. అమ్మ మెడలో వేసింది. దండం పెట్టింది. తప్పెట్లు ఒక్కసారిగా మోగినాయి. ఆ ముసలామె ఏనుగు కాళ్ళకాడ ఇంత పొంగలి పెట్టి, హారతి కూడా ఇచ్చింది. వాన పడిందా అంటే, పడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాల.

పెద్దాయన మా దగ్గరికి వచ్చినాడు. నాయన తల వంచుకోని వైర్లు చుడతా ఉండాడు.

"స్క్రీను వద్దని మా కుర్రోళ్ళకు సెప్పేసినాలే అప్పా," అన్నాడు. "స్క్రీను అలగతాదా? వచ్చే జాతరకు కూడా ఇట్లే ఒక గంట అలగాల, సూసుకో."

నాయన నవ్వినాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా పందిలి గుంజ పట్టుకోని ఏడ్చినా.

మొన్న ఇంకో వర్షన్ వచ్చింది. ఎప్పుడూ లేంది, ఎక్కించే ముందర చిత్తూరుకు ఫోన్ చేసినా.

"నాయనా, కొత్తది వచ్చింది. ఎక్కించనా, పాతదే ఉండనీనా?"

"ఏం మారిందంట దాంట్లో?" అన్నాడు. ఇన్నేండ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. పత్రమంతా చదివి వినిపించినా. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఊఁ కొడతానే ఉండాడు. ఏ కంప్యూటరు మీద ఎక్కదో ఆ భాగం మాత్రం రెండోతూరి చదవమన్నాడు.

అంతా విని, "ఎక్కియ్ పాపా," అన్నాడు. "ఏమన్నా అయితే మైకు నాకాడ ఉండాది గదా."