సంపలీ అన్న కిటికీ

నా చిన్నప్పుడు నాకు మరాఠీ బాగా వచ్చని పెద్ద గీర ఉండేది. మాది మహారాష్ట్రలో కుండల్‌వాడి దాటాక మంజీర ఒడ్డున చిన్న పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. నాలుగో తరగతికే మరాఠీ పాఠాలు గడగడా చదివేదాన్ని, సంతకు ఎవరు పోయినా మాట్లాడిపెట్టడానికి తయారుగా ఉండేదాన్ని. ఆ గీరతోనే ఒకరోజు ఒక దవాఖాన కిటికీ దగ్గర ఒక మాట విని, దాన్ని తెలుగులోకి మార్చి, పక్కింటి అక్కకు చెప్పాను. ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఇవాళ్టికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఆ మాట 'సంపలీ'. మరాఠీలో అయిపోయింది అని అర్థం. మా తెలుగులో 'సంపాలె' అంటే చంపాలి అని. రెండూ ఒకేలా వినిపిస్తాయని మా ఇళ్లలో నవ్వుకునేవాళ్లం. ఆ ఏడాది తర్వాత నవ్వడం మానేశాం.

పక్కింటి అక్క నిజామాబాద్ వైపు నుంచి కోడలై వచ్చింది. మరాఠీ ముక్క రాదు, తెలుగులో కూడా గట్టిగా మాట్లాడి ఎరగదు. ఆమె కూతురూ మా తమ్ముడూ ఒకే వారంలో పుట్టారు. బడి అరుగు మీద నర్సుబాయి ఇద్దరికీ ఒకేరోజు ట్రిపుల్ సూది వేసింది. కోరింత దగ్గుతో కలిపి మూడు జబ్బులకు ఒకటే సూది కాబట్టి ఆ పేరు. నెల తిరగ్గానే రెండోది, ఆ పై నెల మూడోది దవాఖానకు వచ్చి వేయించుకోవాలని, మొదటిది ఒక్కటే అయితే సరిపోదని గట్టిగా చెప్పి పోయింది. ఏ ఊరి దవాఖానో చెప్పను. చెబితే ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లకు తగులుతుంది, వాళ్లు నాకేం పాపం చేశారు.

మా అమ్మ పత్తి ఏరడానికి పోయేది. అందుకని తమ్ముణ్ణి నేను చంకనేసుకుని, కూతుర్ని అక్క ఒళ్లో పెట్టుకుని, సర్కారువాళ్ల ఎస్టీ బస్సులో పోయేవాళ్లం. మొదటిసారి నాందేడ్ నుంచి టీకా మందు తెచ్చే మంచుపెట్టె బండి రాలేదన్నారు. అది నిజమే, వాగు పొంగి దారి మూసుకుపోయింది. రెండోసారి అందరూ ఏదో క్యాంపుకు పోయారని తలుపుకు తాళం. మూడోసారి కిటికీలో కంపౌండర్ ఉన్నాడు. చీటీ మీద నుంచి తల కూడా ఎత్తకుండా "లస సంపలీ" అన్నాడు. లస అంటే టీకా మందు. వచ్చే వారం రమ్మని చెయ్యి ఊపాడు.

"మందు అయిపోయిందంట అక్కా, మల్ల వారం రమ్మన్నడు" అని నేను పెద్ద ఆరిందాలా చెప్పాను. అక్క "గట్లనా" అని కొంగు సర్దుకుని వెనక్కి తిరిగింది. ఎందుకు అయిపోయిందని, ఎప్పుడొస్తుందని నేను ఒక్క ప్రశ్న అడగలేదు. ఆరోజు నా చదువంతా ఎక్కడ పోయిందో!

మళ్లీ వారం వచ్చేలోపే ఊళ్లోకి కోరింత దగ్గు వచ్చింది. పెద్ద పిల్లలు దగ్గి దగ్గి నీలబడి మళ్లీ తేరుకునేవారు. అక్క బిడ్డకూ అంటుకుంది, దానికప్పుడు నాలుగు నెలలు. దగ్గు తెర వచ్చినప్పుడు ఊపిరి లోపలికి పీల్చుకోవడానికి ఆ చిన్న ఒంట్లో బలం లేకపోయింది. ఐదోరోజు పొద్దున పోయింది. రెండో సూది పడి ఉంటే బతికేదని ఎవరూ రాసివ్వలేరు. మూడుసార్లు తీసుకుపోయినా అది పడలేదన్నది మాత్రం నిజం.

బిడ్డ పోయిన మూడోరోజు మా బాపమ్మ, అంటే మా నాన్నను కన్నతల్లి, తమ్ముణ్ణి తన చీర చెంగులో కట్టుకుని నన్ను రెక్క పట్టి బస్సెక్కించింది. ఆ ఊళ్లో ఆరోజు సంత. దవాఖాన ముందు కూడా జనం బాగానే ఉన్నారు. అదే కిటికీ, అదే కంపౌండర్, అదే వంచిన తల.

"లస సంపలీ."

మా బాపమ్మ ఆ వైపు నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్న మనిషి. సంతలో మరాఠీలో బేరమాడి వ్యాపారుల నోళ్లు మూయించేది. అలాంటిది ఏమీ తెలియనట్టు నా వైపు తిరిగి, వరండా మారుమోగేలా అడిగింది.

"ఏమంటుండే వీడు? సంపాలె అంటుండా? ఇంకెవర్ని సంపాలెరా నువ్వు?"

కంపౌండర్ తల ఎత్తాడు. కంగారుగా "అహో ఆజీ, సంపలీ, సంపలీ", అవ్వా అయిపోయింది అయిపోయింది, అని అరిచాడు.

"అగో, మల్ల అంటుండు! మా వాడల ఒక పొల్లను సంపిండ్రు గద, సాల్లేదా? గీన్ని గూడ సంపుతవా?" అంటూ తమ్ముణ్ణి కిటికీలోంచి వాడి రిజిస్టరు మీద పడుకోబెట్టింది.

తెలుగు తెలిసినవాళ్లు మొదట ఫక్కున నవ్వారు. ఆడపిల్ల పోయిన సంగతి వినగానే నవ్వు ఆగిపోయింది. మరాఠీవాళ్లకు పక్కవాళ్లు విడమరిచి చెప్పారు. ఆ గోలకు లోపలి నుంచి నర్సుబాయి పరుగెత్తుకొచ్చింది. ఆమెకు తెలుగు వచ్చు. ఏ పొల్ల అని అడిగి, తను బడి అరుగు మీద సూది వేసిన బిడ్డేనని తెలుసుకుంది. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"సీస ఉన్నది అవ్వా. ఒక్క సీసల పదిమంది పోరగాల్లకు సరిపోయే మందుంటది. ఒక్కపారి తీస్తే ఆ పొద్దే వాడాలె, మిగిలితే పారబొయ్యాలె. పైనుంచి శాన తక్కువ అస్తున్నయ్. పదిమంది జమైతేనే తియ్యిమన్నరు."

"పోయినపారి వీల్లు అచ్చినప్పుడు గూడ ఉండెనా?"

నర్సుబాయి "ఉండె" అంది.

బాపమ్మ అప్పుడు తెలుగు పక్కన పెట్టింది. కంపౌండర్‌ను శుద్ధమైన మరాఠీలో అడిగింది, ఈ ఒక్క ముక్క ఆ తల్లికి ఎందుకు చెప్పలేదని. రోజూ ఎంతమందికని వివరంగా చెప్పాలి, చెప్పినా మీలాంటివాళ్లకు ఏం అర్థమవుతుంది అన్నాడు వాడు. సిగ్గు కూడా పడలేదు!

నా కడుపు ఇప్పటికీ మండేది దీనికే. మందు కరువు ఒప్పుకుంటాను. వాగు పొంగింది, ఒప్పుకుంటాను. కానీ 'పది' అనే రెండక్షరాలు వాడి నోటికి బరువైనాయి. ఆ మాట అని ఉంటే మా ఊళ్లోనూ పక్క తండాలోనూ ఎంతమంది చంటిపిల్లలు లేరు? అక్క ఇల్లిల్లూ తిరిగి కాళ్లావేళ్లా పడి పోగేసుకొచ్చేది. మాకు అర్థం కాదట! లేదని చెప్పి పంపేయడం సులువు కాబట్టి పంపేశాడు, అంతే.

బాపమ్మ తమ్ముణ్ణి నా ఒళ్లో పెట్టి, "ఈడ్నే కూసో. కిటికీ మూయనియ్యకు" అని సంతలోకి పోయింది. నేను కిటికీ చెక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. కూరగాయల వరుసలో, గాజుల వరుసలో ఆమె గొంతు రెండు భాషల్లోనూ వినబడుతూనే ఉంది. ఆ కిటికీ నుంచే ఉత్తచేతులతో తిరిగిపోయిన తల్లులు సంతనిండా ఉన్నారు. మధ్యాహ్నం లోపే చంకల్లో పిల్లలతో పదకొండుమంది తల్లుల్ని వెంటేసుకొచ్చింది. నర్సుబాయి సీసా తీసి మా తమ్ముడితో కలిపి పదిమందికి వేసి, మిగిలిన ఇద్దరి పేర్లు మళ్లీ వారానికి రాసుకుంది. మా తమ్ముడు ఏడ్చిన ఏడుపు సంతకంతా వినబడింది.

తిరుగు బస్సులో నేను తల ఎత్తలేకపోయాను. చివరికి నేనే అడిగాను, ఆరోజు ఎందుకని అడగకపోవడం నా తప్పే కదా అని. బాపమ్మ నా జుట్టు నిమిరి, "నీకు పదేండ్లు బిడ్డా, వానికి నలభై" అంది. దిగగానే నేరుగా అక్క ఇంటికి పోయింది. సీసా ఉన్న సంగతి దాచకుండా చెప్పింది. చెప్పకపోతే బాగుండునని మా అమ్మ తర్వాత గొడవపడింది. తెలుసుకునే హక్కు అందరికంటే ముందు ఆ తల్లికే ఉంది అంది బాపమ్మ.

అక్క ఆరోజు ఏడవలేదు. నెల తర్వాత తమ్ముడి మూడో సూదికి మేం బయలుదేరుతుంటే ఆమె ముందే బస్సు దగ్గర ఉంది. మా వాడ నుంచీ తండా నుంచీ తల్లుల్ని పిల్లలతో సహా వెంటబెట్టుకొచ్చింది. ఆమె చంక ఒక్కటే ఖాళీ. దవాఖాన చేరాక అందరికంటే ముందు నడిచి ఆ కిటికీ ముందు నిలబడింది. బాపమ్మ దగ్గర వారంరోజులు నేర్చుకున్న మరాఠీని గట్టిగా, తప్పుల్లేకుండా పలికింది.

"దహా ఆహేత్. ఉఘడా."

పదిమంది ఉన్నారు, తియ్యండి అని. కంపౌండర్ లేచి నిలబడ్డాడు.

ఆ అక్కను నేను అంతకుముందు గానీ తర్వాత గానీ గట్టిగా మాట్లాడగా వినలేదు. ఇప్పుడు నాకు మనవలున్నారు. బ్యాంకులో, రేషను దుకాణంలో, మందుల షాపులో ఎవరైనా తల ఎత్తకుండా 'సంపలీ' అంటే నేను అక్కడి నుంచి కదలను. ఎందుకు అయిపోయింది, ఎంతమంది కావాలి, ఎప్పుడొస్తుంది అని అడుగుతాను. మా పిల్లలు సిగ్గుపడి చెయ్యి లాగుతారు. లాగనీ. ఆరోజు ఆ కిటికీ దగ్గర నేను అడగని ప్రశ్న అది, ఇంకా అడుగుతూనే ఉన్నాను.