ఏడు గంటల ఫోను

నా భార్య పోయి నేటికి ఇరవై రెండు రోజులు. ఆ రోజు ఎప్పటిలాగే ఆరింటికి లేచింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది. ఎడమ భుజం లాగుతోందని ఒకసారి అంది. సరిగా పడుకోనందుకేమో అని తానే సర్దిచెప్పుకుంది. చెప్పులు వేసుకోవడానికి వరండాలో కుర్చీ మీద కూర్చుని, మళ్ళీ లేవలేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది. ఆ మాట చెప్పింది ఆమెతో కలిసి పనిచేసే డాక్టరే.

సాయంత్రం ఏడింటికి, ఇంటి నిండా చుట్టాలు ఉండగా, ఆమె ఫోను మోగింది. ఎవరో నాకు తెలుసు. ఆపేశాను.

ఆమె ధర్మపురిలో మానసిక రోగుల వార్డులో నర్సు. మెత్ అనే మత్తుమందు వాడి మనసు చెదిరినవాళ్ళు కూడా ఆ వార్డుకు వచ్చేవారు. ఎవరి పేరూ ఇంట్లో చెప్పేది కాదు. ఈ ఫోను మనిషిని 'ఏరియూరు తమ్ముడు' అనేది. లారీ డ్రైవరు, ముప్పై దాటినవాడు. బండి మీద నిద్ర రాకుండా ఉండాలని ఆ మందు మొదలుపెట్టాడట. మూడు రోజులు కన్ను మూయకపోయేసరికి గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు వినబడింది. చర్మం కింద పురుగులు పాకుతున్నాయని చేతులు గీరుకున్నాడు. చివరికి భార్య మీద అనుమానం పట్టుకుంది.

మా వైపు మాట తేలకపోతే వెలిగే కర్పూరాన్ని అరచేతితో ఆర్పించి ప్రమాణం చేయిస్తారు. వాడు భార్య చేత రోజూ చేయించాడు. అరచెయ్యి బొబ్బలెక్కింది. ఒక్క ప్రమాణంతో వాడి మనసు కుదుటపడుతుందని పెద్దలు అడ్డుకోలేదు.

దాన్ని మాన్పించింది నా భార్య. అది జబ్బు, ప్రమాణానికి లొంగదని పెద్దలకు చెప్పిందట. వాడితో వాదించేది కాదు, ఔననేదీ కాదు. నీకు భయంగా ఉందని నాకు తెలుసు అనేది. ఇంటికి పోయాక రోజూ ఏడింటికి మాత్ర మింగి తనకు ఫోను చేయమంది. అందరూ తమిళం మాట్లాడే ఆ వార్డులో ఆమెదీ మన తెలుగే అని తెలిసి వాడు సిస్టర్ అనడం మాని అక్కా అన్నాడు. నన్ను బావా అన్నాడు. నేను ఆ వరస కలుపుకోలేదు.

నాకు అసూయ. దాచను. ఏడింటికి ఆమె గొంతులో వచ్చే చనువు నాకు దక్కేది కాదు. ఎంతసేపు పడుకున్నావని వాడిని అడిగి, జవాబు పూర్తిగా వినేది. నన్ను అడిగితే జవాబు అయ్యేలోపే దుప్పటి మడతపెట్టేది. ఒకరోజు ఉండబట్టలేక, వాడు ఎక్కువా నేను ఎక్కువా, ఒట్టు వేసి చెప్పమన్నాను. ఆమె తాలింపు ఆపలేదు.

"వానికి మందు తిని వచ్చింది ఈ అనుమానం. మీరేమి తిన్నారు?"

ఒట్టు వెయ్యమని మళ్ళీ అన్నాను.

"ఈ పొద్దు ఒకటి వేస్తే రేపు రెండు అడుగుతారు. వార్డులో చూసినాను కదా."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు తలచుకుంటే వస్తోంది.

అంత్యక్రియలకు వాడు వచ్చాడు. గేటు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను ఏడవలేదు. మా చుట్టాలు వాడిని ఓదార్చారు. అదీ నాకు నచ్చలేదు.

ఆ తరువాత కూడా ఏడింటికి ఫోను మోగేది. ఆమె లేదని తెలిసే చేశాడు. నేను తీయలేదు. ఆమె వాడికిచ్చిన సాయంత్రాలు చాలనిపించింది. పదమూడో రోజు తరువాత మోగడం ఆగింది. గెలిచినట్టు అనిపించింది.

ఈ రోజు మధ్యాహ్నం వాడి భార్య వచ్చింది. పెరియంపట్టిలో పుట్టింటికి పోతూ దారిలో దిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కుడి చెయ్యి కొంగులో పెట్టుకుంది.

"మాత్ర నిలిపేసినాడు సార్. మింగినానని మీకన్నా చెప్దామని ఫోను చేస్తా ఉండె. మీరు తీయలేదు. ఇంక ఎవురికని మింగేది అన్నాడు. నిన్న మళ్ళా కర్పూరం తెచ్చినాడు."

ఆ మత్తుమందు మళ్ళీ ముట్టాడా అని అడిగాను. ఇంకా లేదంది. వాడు కుదుటపడేదాకా అమ్మ దగ్గరే ఉండమన్నాను. తప్పు నాదన్నాను. ఆమె బస్సుకు వేళయిందంది.

నా భార్య వార్డు డాక్టరుకు ఫోను చేశాను. ఆలస్యం చేయకుండా వాడిని తీసుకుని రమ్మన్నారు. వాడంటే నాకు ఇంకా మంటే. ఇరవై రెండు రోజుల్లో అది తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే వాడు మిగలడు.

రేపు పొద్దున మొదటి బస్సుకు ఏరియూరు పోతాను. రానంటే, వాళ్ళ తిన్నె మీద కూర్చుంటాను, వాడు చొక్కా వేసుకుని బయటికి వచ్చేదాకా.